గువ్వలేరు మీద నీలి చుక్క

చిట్టా 1
పుష్యమి కార్తె. గోదారికి వరద ఎర్రనీరు వచ్చిన మర్నాడు.

నువ్వు పొద్దున్నే చెంబుతో ముంచుకుని తాగిన నీళ్ళలో ఎవరెవరు కాపురం ఉంటున్నారో నీకు తెలుసా? అడుగుతున్నది నిన్నే. రేవు అరుగు మీద కూర్చుని, ఎవరో ఈ చిట్టా చదువుతుంటే చెవి ఒగ్గి వింటున్న నిన్నే. పక్కవాడి వైపు చూడకు. నీ గోడ అవతల ఎవరున్నారో నీకు తెలుసు, నిన్న వాళ్ళ కూరలో ఉప్పు ఎక్కువైందని కూడా తెలుసు. నీ దాహం తీర్చే ఏటిలో ఎవరున్నారో మాత్రం తెలీదు. సిగ్గుపడమని అనను. తెలుసుకో అంటాను. అందుకే ప్రభువు నన్నూ నా భార్యనూ ఈ పడవ ఎక్కించాడు.

నా పేరు సంగాడి గిద్యోను. బోధకుణ్ణి. ఏ పాఠశాల గుమ్మమూ నేను తొక్కలేదు. వల అల్లుతూ అక్షరాలు నేర్చుకున్నాను, గ్రంథం చదువుతూ అర్థాలు నేర్చుకున్నాను. అర్థం కానివి సువార్తమ్మని అడిగి నేర్చుకున్నాను. సువార్తమ్మ నా భార్య. చుక్కాని ఆవిడ చేతిలో ఉంటుంది. పడవలోనూ, ఇంట్లోనూ.

ఈ ఏడు ఏరుల పటం గీసే పటం ఇంటివాళ్ళు మా పడవకు గువ్వలేరు వంతు ఇచ్చారు. గోదారిలో కలిసే ప్రతి ఏరూ, ప్రతి వాగూ ఎవరో ఒకరి వంతు. ఎర్రనీరు వచ్చింది మొదలు నీళ్ళు తేటపడే దాకా పులస ఎందాకా ఎక్కి వస్తుందో చూసి చెప్పాలి. ఉన్నచోట పటం మీద నీలి చుక్క. లేనిచోట తెల్ల చుక్క. పైభాగమంతా తెల్ల చుక్కలే పడిన ఏటికి నీళ్ళు తేటపడగానే అడ్డంగా తలుపు వేసేస్తారు. ఆ నీళ్ళన్నీ గొట్టాల్లోంచి కొండమీది పట్నాలకు పోతాయి. సముద్రం లోపలికొచ్చాక జనమంతా కొండలెక్కారు కదా, వాళ్ళకీ దాహం వేస్తుంది, కాదనను. కానీ తలుపేసిన ఏటిని తర్వాత తెరిచినవాణ్ణి నేనింతవరకూ చూళ్ళేదు.

చేపను పట్టక్కర్లేదు. కంటితో చూడనక్కర్లేదు. పడవ పక్కన నాలుకని వేలాడదీస్తే చాలు. నాలుకంటే బెత్తెడు గొట్టం, దాని చివర మెత్తటి గుడ్డ. ఏటిలో ఎవరు పొలుసు రాల్చినా, ఎవరు ఒళ్ళు విదిల్చినా దానికి రుచి తెలుస్తుంది. ఆ కబురు ఎండతో నడిచే ఎండపలక మీంచి నేరుగా పటం ఇంటికి పోతుంది. మా మాటలూ, ఈ చిట్టా కూడా దానిమీంచే పోతాయి, చిట్టాని అక్కడ్నుంచి అన్ని రేవులకీ పంపుతారు. అక్కడ మా కబుర్లు చూసేది నఫీసా అనే పిల్ల. మా కూతురుంటే ఆ వయసుండేది.

"అయ్యగారూ, చిట్టాలో నీళ్ళ సంగతి రాయండి. ప్రసంగాలు ఆదివారం చెప్పుకుందురు గాని" అంది బయల్దేరేటప్పుడు.

"నీళ్ళ సంగతి రాస్తే అదే ప్రసంగం అవుతుంది తల్లీ, నన్నేం చెయ్యమంటావు?"

"ఆయన్ని ఆపడం నీవల్ల కాదులేమ్మా" అంది సువార్తమ్మ. "పెళ్ళయిన దగ్గర్నుంచీ చూస్తున్నాను. ఊపిరి పీల్చుకోడానికి ఆగినప్పుడు మనం మాట్లాడేసుకోవాలంతే."

చిట్టా 2

మునిగిపోయిన రాజోలు మేడల సందుల్లోంచి బయల్దేరి, పాపికొండల మధ్య ఎదురెక్కి, గువ్వలేరు కలిసే చోటికి చేరాం. దారి పొడుగునా గోదారిలో నాలుక వేసిన ప్రతిచోటా నీలమే. స్తోత్రం!

ఎక్కడి నుంచి వస్తుందో చూడండి ఈ చేప. సముద్రంలో ఉన్నంతసేపూ దాన్ని విలస అన్నాం. ఉప్పునీరు వదిలి ఎర్రనీట్లో తల దూర్చగానే పులస అన్నాం. నీళ్ళలో మునిగి కొత్త పేరుతో లేవడం మనుషులకే తెలుసనుకున్నారా? నేను బాప్తిస్మం ఇచ్చిన వాళ్ళలో సగంమంది ఒడ్డెక్కి తల తుడుచుకునే లోపే పాత పేరుకి పలికారు. పులస అలా కాదు. ఒకసారి ఎదురెక్కడం మొదలుపెట్టిందంటే కడుపునిండా గుడ్లు మోసుకుని, ఒళ్ళు కరగదీసుకుంటూ పైకే పోతుంది.

గువ్వలేరు మొదట్లో అంతా బండరాళ్ళు. అక్కడ నాలుక వేస్తే విరిగిపోతుంది. పడవలవాళ్ళందరూ ఏం చేస్తారో మేమూ అదే చేశాం. నాలుక తీసి లోపల పెట్టుకుని, గడవేసుకుంటూ కట్ట దాకా వెళ్ళాం. కట్టంటే పాతకాలపు రోడ్డు. ఏటికి అడ్డంగా సిమెంటు పలకలు, కింద తూములు. రోడ్డు ఎప్పుడో పోయింది, పలకలు మిగిలాయి. గువ్వలేరు ఊరివాళ్ళు అటూ ఇటూ నడిచేది వాటిమీదే. పడవ అవతలికి పోవాలంటే ఒడ్డున దుంగలు పరిచి దొర్లించాలి. కేకేశాం. ఊరంతా దిగొచ్చి భుజాలు పట్టి మా పడవని పైనీళ్ళలో దించింది. ఇంత గట్టి దారి నిలిపినందుకు పలకల మీద నిలబడి ప్రభువుకు స్తోత్రం చెప్పాను.

ఊరంటే నలభై గుడిసెలు, కాస్త పోడు, చింతచెట్లు. అందరికీ పెద్ద ఒక అవ్వ, పేరు ఉంగమ్మ, ఇంటిపేరు కారం. చేతులనిండా పచ్చబొట్లు. నన్ను ఎగాదిగా చూసింది.

"మా ఏటికి చుక్క పెట్టనీకొచ్చినావా అయ్యా, తలుపు పెట్టనీకొచ్చినావా?"

"చుక్క పెట్టడానికే అవ్వా."

"చుక్క పడకపోతే?"

నేను గ్రంథంలోంచి ఏదో ఎత్తుకోబోయాను. సువార్తమ్మ మోచెయ్యి గిల్లింది. "పడకపోతే తలుపే అవ్వా" అని తనే చెప్పింది. "నీళ్ళు గొట్టంలోకి పోతాయి. మిమ్మల్ని కొండమీది పట్నానికి తీసుకుపోయి గదులిస్తారు."

"గదులంటే, ఒకదాని మీద ఒకటా?"

"ఆఁ."

"మరి కోడి యాడ తిరగాల?"



చిట్టా 3
ఆశ్లేష కార్తె మొదలు.

తెలుపు. పైన మడుగులో తెలుపు, దాని పైన జలపాతం కింద తెలుపు, ఊరి రేవులో తెలుపు. నఫీసా చదివి చెప్పేది వింటే మాత్రం ఏరు నిండుగానే ఉంది. కొర్రమీను ఉందట. జెల్ల ఉందట. నీటికుక్క ఉందట. ఉంగమ్మ గేదె కూడా ఉందట, రోజూ అక్కడే పడుకుంటుంది కదా. పులస లేదు. పటానికి పులసే కావాలి. సముద్రాన్నీ కొండనీ రెండింటినీ తాకేది అదొక్కటే. అది ఎక్కిన ఏరు బతికున్న ఏరని లెక్క.

"ఓడలోంచి వదిలిన పావురం వాలడానికి చోటు దొరక్క తిరిగొచ్చినట్టు, ఈ నాలుక పూటపూటా ఉత్తచేతులతో తిరిగొస్తోంది" అన్నాను.

"నాలుకకి చేతులెక్కడివండీ" అంది సువార్తమ్మ. అంది గాని నవ్వలేదు. ఉంగమ్మ మనవరాళ్ళకి అప్పటికే జడలు వెయ్యడం నేర్పేసింది. ఆవిడ మనసు ఒకచోట జడ వేసిందంటే ఇక అక్కడ్నుంచి కదలదు.

ఆదివారం వచ్చింది. ఊరివాళ్ళ దేవుళ్ళు వేరు, వాళ్ళ రాళ్ళు వేరు. అయినా నేను పాడుతుంటే వచ్చి కూర్చున్నారు. ప్రసంగం అయ్యాక ప్రేమవిందు. ఇక్కడ సువార్తమ్మ నాకే తెలియకుండా ఒక పని చేసింది. రేవుకి ఏడాదికి ఒక్క పులస పట్టుకోనిస్తారని మీకు తెలుసు. ఈ ఏడు మా రేవు పులస మా ఇంటి వంతు. ఆవిడ దాన్ని కోసి, కడిగి, ముక్కలు చల్లపెట్టెలో పెట్టుకుని ఇంతదూరం తెచ్చింది. శనివారం ఉంగమ్మ పొయ్యి మీద మట్టిదాకలో వండి మూతపెట్టి, ఆదివారం దాకా నన్ను దాని దరిదాపులకు రానివ్వలేదు.

"వండిన రోజే తింటే మామూలు చేపలపులుసు. మర్నాడు తింటే పులస" అని ఊరందరికీ పాఠం చెప్పింది. నా ప్రసంగం కంటే ఆ పాఠం శ్రద్ధగా విన్నారని ఒప్పుకుంటున్నాను.

రెండు చేపల్ని వేలమందికి పంచిన ప్రభువు, ఒక్క పులసని నలభై గుడిసెలకి సరిపెట్టాడు. మనిషికి బొటనవేలంత ముక్క, గరిటెడు పులుసు. ఉంగమ్మ కళ్ళు మూసుకుని తింది. "మా అమ్మ చెప్పేది. దాని అమ్మ కాలంలో ఇది ఇక్కడికొచ్చేదని. ఇదేనా రుచి" అంది.

తర్వాత మా పడవలవాళ్ళ పద్ధతి. తొలి పులస వండిన దాకని ఒడ్డున కడిగి పారబొయ్యం. మోకాల్లోతు ఏటిలోకి దిగి, దాకని నీళ్ళతో నింపి, కలిపి, "నీది నీకే" అని ఏటికి తిరిగి ఇస్తాం. సువార్తమ్మ దాక పట్టుకుంటే ఊరి ఆడవాళ్ళందరూ చెయ్యి వేశారు. దిగువన పడవ పక్క నాలుక వేలాడుతూ ఉంది. పాపం, దానికి మాత్రం ఎవరూ ముద్ద పెట్టలేదు.

చిట్టా 4

నీలం!

సహోదరులారా, నీలం! సోమవారం పొద్దున్నే నఫీసా గొంతు వణికింది. "అయ్యగారూ, గువ్వలేరు రేవులో పులస పడింది! నీలి చుక్క పెట్టేస్తున్నా!" నేను పడవలోంచి దూకాను. ఈత వచ్చన్న సంగతి మరిచిపోయి రెండు గుక్కలు ఎర్రనీళ్ళు తాగాను.

అన్ని రేవుల్లోనూ విన్నారు కదా ఆ రోజు నా ప్రసంగం. రాత్రంతా వల వేసి ఏమీ దొరకనివాళ్ళని కుడిపక్క వెయ్యమన్నవాడు మా నాలుకని కూడా సరైన పక్కనే వేయించాడని చెప్పాను. అవిశ్వాసులారా, తెల్ల చుక్కలు లెక్కబెట్టుకున్న వాళ్ళారా అని కేకలు పెట్టాను. గొంతు పోయింది. ఊళ్ళో డోళ్ళు మోగాయి. సువార్తమ్మ కూడా ఆడింది, నేను చూశాను, చూడలేదనుకుంటోంది.

ఉంగమ్మ మాత్రం ఆడలేదు. రేవులో దిగి, వంగి, నీళ్ళలోకి చాలాసేపు చూసింది.

"ఏడుంది?"

"నీళ్ళలో ఉందవ్వా. కనబడదు."

"మీ దేవుడి లెక్క?"

"ఆఁ, మా దేవుడి లెక్కే."

"సరే మరి" అంది. ఆ 'సరే' నాకు నచ్చలేదు. నచ్చనివాటిని ఆ రోజు నేను లెక్కచెయ్యలేదు.

చిట్టా 5

నఫీసా మళ్ళీ పిలిచింది. గొంతులో మొన్నటి వణుకు లేదు.

"అయ్యగారూ, ఒక్కరే ఉన్నారా?"

"సువార్తమ్మ ఉంది."

"ఆవిడ ఉండాల్సిందేలెండి. ఆంటీ, ఆదివారం ఏం వండారు?"

"పులస పులుసు. రుచి చూపిద్దామంటే నువ్వక్కడున్నావాయె."

"బెండకాయలు వేశారా?"

"వెయ్యకుండా ఎలా వండుతారమ్మా!"

"చింతపండు? మెంతులు?"

"మెంతులు చిటికెడు. దించేముందు ఆవకాయ మీద తేలిన నూనె ఒక గరిటె. నీకు మీ అమ్మ నేర్పిందా?"

"గువ్వలేరు చెప్పిందండి. మీ రేవులో పులసతో పాటు బెండకాయ, చింతపండు, మెంతులు, ఆవాలు అన్నీ ఎదురీదుకుంటూ వస్తున్నాయి."

ముందు సువార్తమ్మ నవ్వింది. పడవ తొట్టిలో కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని, కళ్ళమ్మట నీళ్ళు కారేలా నవ్వింది. "ఎదురీదుకుంటూ బెండకాయలు" అంటుంది, మళ్ళీ నవ్వుతుంది. నాకూ ఆగలేదు. ఆ నవ్వు నవ్వుతూండగానే ఒడ్డు మీద పిల్లలు కనబడ్డారు, చేపలాగా చేతులు తిప్పుతూ మొన్నటి డోలుకి ఇంకా ఆడుతున్నారు. సువార్తమ్మ నవ్వు ఆగిపోయింది.

"పటం చూసే పెద్దలు చేప వరకే చూస్తారు" అంది నఫీసా మెల్లిగా. "కింది వరస ఎవరూ తెరవరు. నేను తెరిచాను, నా ఖర్మ. చుక్క ఇంకా కదపలేదు అయ్యగారూ. పెట్టించింది మీరు. ఏం చెయ్యమంటారో మీరే చెప్పండి."

"ఉంచెయ్యమంటే?"

"ఉంచేస్తాను. మీకోసం కాదు. ఆ పిల్లల డోలు నాకిక్కడికి ఇంకా వినబడుతోంది."

ఎంత మంచి పిల్ల! నాకోసం తన ఉద్యోగాన్ని నిప్పుల మీద పెడతానంటోంది. ఇంత బతుకు బతికి సాతాను ఎప్పుడూ కొమ్ములు పెట్టుకుని వస్తాడని బోధించాను. బెండకాయ వేసిన పులుసు రూపంలో వస్తాడని ఎవరనుకున్నారు? ఒక చిన్న నీలి చుక్క. నలభై గుడిసెలు. దయ కాదా అది? పక్షవాయువు వాణ్ణి ఇంటికప్పు విప్పి దించిన స్నేహితుల్ని ప్రభువు కప్పు ఖరీదు అడిగాడా?

గ్రంథం తెరిచాను. అబద్ధసాక్ష్యం వద్దని రాతిపలక మీద చెక్కిన చోటు వచ్చింది. మూసి మళ్ళీ తెరిచాను. మళ్ళీ అదే.

"చూశావా సువార్తా, ఎక్కడ తెరిచినా అదే వస్తోంది!"

"ఇంత లావు గ్రంథంలో ఆ ఒక్క చోటే వస్తోందంటే, మీ వేలే అక్కడికి పోతోందండీ" అంది.

చిట్టా 6

ఉంగమ్మ చింతచెట్టు కింద చేట చెరుగుతోంది. ఇద్దరం వెళ్ళి కూర్చున్నాం. ప్రసంగాలు చెయ్యడం వచ్చినవాడికి మాట చెప్పడం రాదు. నాలుగుసార్లు మొదలుపెట్టాను. చివరికి సువార్తమ్మే చెప్పింది.

"అవ్వా, మొన్న నాలుకకి తగిలింది చేప కాదు. మనం కడిగిన దాక."

ఉంగమ్మ చేట ఆపింది. "అంటే చేప లేదు. చుక్క ఉంది."

"ఆఁ. ఉంచమంటే ఉంచుతారట. ఎవరికీ తెలీదు" అన్నాను నేను. అన్నాను, నిజం.

"చుక్కని కూరొండుకుంటమా అయ్యా?"

"తలుపెయ్యరవ్వా."

"ఈ ఏడు ఎయ్యరు. వచ్చే ఏడు ఇంకో పడవొస్తది. ఆ పడవల పులుసు ఉండదు. అప్పుడు ఈ ఊరోళ్ళు దొంగలంటరు. తలుపేస్తే పోతాం. దొంగలని పోవుడు నాకొద్దు." మళ్ళీ చేట అందుకుంది. రెండుసార్లు చెరిగి సువార్తమ్మ వైపు చూసింది. "పులుసు మాత్రం బాగుంది బిడ్డా."

సువార్తమ్మ ఆవిడ ఒళ్ళో తల పెట్టేసుకుంది.

కాబట్టి అన్ని రేవులవాళ్ళూ వినండి. అంత గట్టిగా అరిచి పెట్టించిన చుక్కని అంతే గట్టిగా అరిచి తీయిస్తున్నాను. గువ్వలేరు రేవులో పులస లేదు. తప్పు దాకది కాదు, దాక పట్టినవాళ్ళది కాదు. నాలుకది అసలే కాదు, అది చెప్పింది నిజమే, దానికి తగిలింది పులసే. తొందర నాది. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. ఇక లంక రేవుల్లో నన్ను బెండకాయల బోధకుడు అంటారని నఫీసా చెప్పింది. బాగుంది, ఆ పేరు ఉంచుకుంటాను.

తెల్ల చుక్క పడింది. పడవ సర్దుకుంటున్నాం. తాడు చుడుతూ సువార్తమ్మ ఆగింది.

"ఏవండీ. గోదారిలో నీలం. ఇక్కడ తెలుపు. ఆ మధ్యలో ఏముంది?"

"ఏముంటుంది, రాళ్ళు."

"రాళ్ళున్నాయని నాలుక లోపల పెట్టుకున్నాం. ఎప్పుడూ అందరూ పెట్టుకుంటారు. అక్కడ ఏ రంగో ఎవరికైనా తెలుసా?"

తెలీదు. ఇంతకాలం ఇన్ని వాగుల్లోకి ఇన్ని పడవలు వెళ్ళాయి, ఎవరికీ తెలీదు. మన చేతికి సుఖంగా అందిన చోట వెతికి, లేదని రాసేసుకున్నాం. తొంభై తొమ్మిది గొర్రెల్ని వదిలేసి ఒక్కదానికోసం ముళ్ళలోకి పోయిన కాపరి గురించి నేను ఎన్ని ఆదివారాలు ఏడిపించానో మీకు తెలుసు. ఆ కాపరి రాళ్ళున్నాయని ఆగలేదు.

చిట్టా 7

కొత్త గుడ్డ వేశాం. చేతులు బూడిదతో తోముకున్నాం. సువార్తమ్మ ఆవకాయ జాడీని తీసుకెళ్ళి ఉంగమ్మ ఇంట్లో పెట్టొచ్చింది, నీడ కూడా పడకూడదని. పడవని కట్ట పైనీళ్ళలోనే వదిలేసి, ఎండపలకని వీపుకి కట్టుకుని, ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని, నాలుకని చంటిబిడ్డలా గుండెకి ఆనించుకుని రాళ్ళలోకి దిగాం. నేను రెండుసార్లు జారాను. ఆవిడ ఒక్కసారీ జారలేదు. గోదారిలో కలిసే చోట మొదలుపెట్టి, ప్రతి రాతి సందులోనూ నాలుక ముంచుకుంటూ పైకి వచ్చాం.

"నీలం" అంది నఫీసా.

"నీలం."

"నీలం అయ్యగారూ. చింతపండు లేదు."

ఇంకా పైకి. కట్ట కిందికి వచ్చేసరికి ఆ పిల్ల రంగు పేరు చెప్పడం మానేసి, "యా అల్లా, ఎన్ని" అంది.

కట్ట అవతల, పలక దాటిన పై నీళ్ళలో చెయ్యి చాపి నాలుక ముంచాను. తెలుపు.

ఇవతల నీలం. అవతల తెలుపు. మధ్యలో నేను నిలబడి స్తోత్రం చెప్పిన పలక.

వంగి చూశాం. తూములన్నీ దుంగలతో, బురదతో ఎప్పుడో పూడుకుపోయాయి. నీళ్ళు పలక మీంచి ఛాతీ ఎత్తున కిందికి దూకుతున్నాయి. ఆ నురగ కింద వెండి తళుక్కుమంది. మళ్ళీ మళ్ళీ తళుక్కుమంది. నీళ్ళు పడే చోటికి వస్తాయి, గోడకి ముక్కు ఆనిస్తాయి, పక్కకి తిరుగుతాయి, మళ్ళీ వస్తాయి. పులసకి ఎగరడం రాదు. ఎదురీదడం వచ్చు, ఎంత దూరమైనా, ఎంత ఉరవడైనా. గెంతడం మాత్రం దేవుడు దానికి నేర్పలేదు. సముద్రం నుంచి కడుపునిండా గుడ్లతో ఇంత దూరం వచ్చి, పుట్టింటి గుమ్మంలో నిలబడి తలుపు కొడుతున్నాయి.

సువార్తమ్మ ఆ నీళ్ళలో కూర్చుండిపోయింది. నడుం లోతు నీళ్ళలో, చీరతోనే. ఒక పులస వచ్చి ఆవిడ మోకాలికి తగిలిందట. "ఏం తల్లీ, అలిసిపోయావా" అంది దాన్ని.

చిట్టా 8
మఖ కార్తె. నీళ్ళు రంగు మారుతున్నాయి.

నఫీసా కట్ట దిగువన నీలి చుక్కలు వరసగా పెట్టింది. కానీ తలుపు వేసేది కట్టకి పైన, ఊరికి పైన. కింది చుక్కలు ఆ లెక్కలోకి రావట. కట్ట దాటి ఒక్క నీలి చుక్క పడితే చాలు, తలుపు ఉండదు. నీళ్ళు తేటపడే లోపు పడాలి. "మిషన్లు పంపించమని అడిగాను అయ్యగారూ. అన్నీ కొండమీది గొట్టాల పనిలో ఉన్నాయట. తేటపడ్డాక చూద్దామంటున్నారు. తేటపడ్డాక చూసేదేముంది?" అంది. మొదటిసారి ఆ పిల్ల గొంతులో నా ప్రసంగం వినబడింది.

కట్ట తియ్యాలి. నడిమి పలక లేపి, రెండు తూములు తవ్వితే ఏరు వాలుగా దిగుతుంది, చేప ఎక్కుతుంది. చెప్పడం తేలికే. అయితే ఆ పలకలు ఊరి దారి. అవతలే వాళ్ళ పోడు, అవతలే వాళ్ళ పెద్దల రాళ్ళు. ఊరంతా కట్ట పక్కన ఒడ్డున కూర్చుని వాదించుకుంది.

"పురిటి నొప్పులొస్తే ఎట్ల దాటేది?" అని ఒకామె.

"వరదలొస్తే?" అని ఒకాయన.

"తలుపేస్తే దాటనీకి ఏరే ఉండదు కదరా" అని ఇంకొకాయన.

నేను గ్రంథం మూసి పక్కన పెట్టాను. దారి వాళ్ళది. దారి వదులుకోమని చెప్పే హక్కు నాకు గాని, నా గ్రంథానికి గాని లేదు. ఉంగమ్మ చాలాసేపు విని లేచి, కట్ట అంచుకి వెళ్ళి కిందికి చూసింది. ఈసారి ఏడుంది అని అడగలేదు.

"మనం తెప్ప కట్టుకుంటం" అంది. "అది కట్టుకోలేదు."

గడ్డపార తెప్పించి మొదటి పోటు తనే వేసింది. పిసరు సిమెంటు లేచింది. రెండో పోటుకి నేను వెళ్ళాను. నిన్నంతా కొట్టాం, ఇవాళ పొద్దున్నుంచీ కొడుతున్నాం. ఒక తూము సగం తెరుచుకుంది. నడిమి పలకకి పగులు పడింది గాని కదల్లేదు. ఊళ్ళో మగవాళ్ళూ ఆడవాళ్ళూ కలిసి కూడా దాన్ని లేపలేకపోతున్నాం. అరచేతులు చిట్లిపోయాయి. సువార్తమ్మ పసుపు రాసి కట్లు కడుతోంది, కట్టించుకున్నవాళ్ళు కట్టించుకున్నట్టే మళ్ళీ దిగుతున్నారు. కింద పులసలు తగ్గుతున్నాయి. కొన్ని వెనక్కి తిరిగిపోయాయి, గుడ్లతోనే. ఎర్రనీట్లో అంచుల వెంబడి తేట కనబడుతోంది.

గ్రంథంలో ఒక పట్టణపు గోడ ఉంది. జనం చుట్టూ తిరిగి కేకలు వేస్తే కూలింది. ఇన్నేళ్ళూ ఆ కేకల గురించే బోధించాను. ఈ గోడ కేకలకి కూలడం లేదు, నేను ప్రయత్నించాను. దీనికి భుజాలు కావాలి.

అందుకే ఇవాళ ప్రసంగం లేదు. గోదారి పొడుగునా ఈ చిట్టా వింటున్న ప్రతి రేవుకీ చెబుతున్నాను. లంకల్లో ఉన్నవాళ్ళారా, మేడల మీద వలలు ఆరేసుకుంటున్నవాళ్ళారా, నన్ను బెండకాయల బోధకుడన్నవాళ్ళారా, మీరు ముందు రండి. గడ్డపారలు తెండి, లావుపాటి తాళ్ళు తెండి. ఏమీ లేకపోతే ఉత్త వీపు తెండి, అది చాలు. ఏ దేవుణ్ణి మొక్కేవాళ్ళైనా రండి, ఎవరినీ మొక్కనివాళ్ళు ఇంకా త్వరగా రండి, మీకు ప్రార్థన టైము కలిసొస్తుంది. ఆదివారం చూద్దామనకండి. భోంచేసి బయల్దేరదామనకండి. అన్నం ఇక్కడ సువార్తమ్మ పెడుతుంది. రేపటికి ఈ నీళ్ళు తేటపడతాయి. తేటనీట్లో ఇక ఆ చేప ఉండదు, ఆ తర్వాత ఈ ఊరూ ఉండదు.

చదువుతున్నవాడా, ఇక్కడితో ఆపు. విన్నవాళ్ళ చెయ్యి పట్టి లేపు. పడవ విప్పు.